సాయం బండి ఎక్కడ నిలబడి ఉంటుంది?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ 40 కిలోమీటర్లు, అటూ ఇటూ. ఒకప్పుడు 18వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్లం, ఇప్పుడది 40వ నంబరు. కర్నూలు నుంచి కడప దాకా నాలుగు వరుసలు పడ్డాక ముప్పావుగంటలో చేరిపోతున్నాం. ఈ దారిలో శిరివెళ్ల మెట్ట దాటాక బండి ఆగిపోయిందనుకోండి. ఎవరికి ఫోన్ చేస్తారు? మనవైపు ఎవరిని అడిగినా మొదటి జవాబు ‘మా మెకానిక్‌కి’. రెండోది ‘మా బామ్మర్దికి’. రెండూ మంచి జవాబులే, వెక్కిరించడానికి చెప్పడం లేదు. చిక్కల్లా మెకానిక్ పెళ్లికి పోయి ఉన్నప్పుడు, బామ్మర్ది బెంగళూరులో ఉన్నప్పుడు, టైము రాత్రి పదకొండు దాటినప్పుడు.

మూడో జవాబు ఒకటుంది. దానికి మీరు ఇప్పటికే డబ్బు కట్టి ఉండొచ్చు, అదీ తెలియకుండా. కొత్త కారు కొన్నప్పుడు చాలా కంపెనీలు వారంటీతో పాటు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఇస్తాయి, అది ఒకటి. ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో ఏజెంటు మిమ్మల్ని అడక్కుండానే టిక్కు పెట్టిన యాడ్-ఆన్ రెండోది. టోల్ రోడ్డు నడిపేవాళ్లు క్రేను, అంబులెన్సు సిద్ధంగా ఉంచాలన్న షరతు ఉంది కాబట్టి, ఫాస్టాగ్ నుంచి కట్ అయ్యే డబ్బుతో మూడోది. ఇన్ని ఉండగా ఫోన్‌లో ఒక ప్రకటన కనిపిస్తుంది: మా యాప్ వేసుకోండి, ఏడాది పొడుగునా నిశ్చింత. అది నాలుగోది. వీటిలో ఏ ఒక్కదాని నంబరూ మన ఫోన్‌లో సేవ్ అయి ఉండదు.

అందుకే యాప్ మంచిదా, మోటారు క్లబ్బు సభ్యత్వం మంచిదా అని ఎవరైనా అడిగితే నేను ముందు ఇంకో సంగతి తేల్చుకోమంటాను. మీరు ఫోన్ చేసిన ఆ నిమిషానికి, మీ బండిని లాగాల్సిన బండి ఎక్కడ నిలబడి ఉంటుంది? నంద్యాలలోనా, కర్నూలులోనా, కడపలోనా? ధర, డిస్కౌంటు, యాప్ రంగులు అన్నీ ఆ తర్వాత.

ఈ మాట తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. తర్వాత దేశంలో ఎన్నో రాష్ట్రాలు ఆ పద్ధతి అందుకున్నాయి. మనకు మూడంకెల నంబరు గుర్తుండిపోయింది గానీ, అసలు పని జరిగింది ఫోన్ వచ్చేసరికే అంబులెన్సు దగ్గర్లో ఎక్కడో కాచుకుని ఉండటం వల్ల. బండి ఆగినప్పటి సాయానికీ ఇదే లెక్క.

మోటారు క్లబ్బుల కథ కొంచెం తమాషాగా మొదలైంది. 1905లో ఇంగ్లండులో పుట్టిన ఆటోమొబైల్ అసోసియేషన్ మొదటి పని రిపేర్లు కాదు, పోలీసుల నుంచి సభ్యులను కాపాడటం. వేగం మీద నిఘా పెట్టి జరిమానాలు వేస్తున్న రోజులవి. క్లబ్బు మనుషులు సైకిళ్ల మీద రోడ్ల వెంట తిరిగేవాళ్లు. సభ్యుడి కారు కనిపిస్తే సెల్యూట్ కొట్టేవాళ్లు. సెల్యూట్ కొట్టలేదంటే ముందు పోలీసులు కాపు కాశారని అర్థం! తర్వాత ఆ సైకిల్ మనుషులే పానాలు పట్టుకుని మెకానిక్కులయ్యారు. అమెరికాలో ట్రిపుల్ ఎ 1902లో షికాగోలో మొదలైంది, ఇప్పుడు సభ్యులు ఆరు కోట్ల పైమాటే. జర్మనీలో 1903లో పుట్టిన ఏడీఏసీకి సొంత పసుపు బండ్లున్నాయి.

మనదేశంలోనూ క్లబ్బులు ఆలస్యంగా రాలేదు. కలకత్తాలో 1904లో, బొంబాయిలో 1919లో వచ్చాయి. మన వైపుకు మద్రాసు కేంద్రంగా ఆటోమొబైల్ అసోసియేషన్ ఆఫ్ సదరన్ ఇండియా ఉంది. కారు ముందు జాలీకి క్లబ్బు బ్యాడ్జీ బిగించుకోవడం ఆ రోజుల్లో హోదా. పాత అంబాసిడర్ల మీద ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. సొంత కారును దేశం సరిహద్దు దాటించడానికి కావలసిన కార్నే పత్రం లాంటి వాటికి ఈ సంఘాల అవసరం ఇప్పటికీ ఉంది. కానీ నంద్యాల జిల్లాలో మనకు కావలసింది కార్నే కాదు కదా. క్లబ్బు బలమంతా సభ్యులు కిక్కిరిసి ఉన్నచోటే. వెయ్యి కార్లకు ఒక పెట్రోలింగ్ బండి పెడితే గిట్టుబాటవుతుంది, ఊరికి పది కార్లున్న కాలంలో ఎవరు పెడతారు? అందుకే క్లబ్బు మన దాకా రాలేదు.

మన దారుల్లో ఆ పని చేసింది లారీ వాళ్లు. డ్రైవరూ క్లీనరూ కలిసి రోడ్డు మీదే గేర్‌బాక్సు దించగలరు. దాటిపోయే ఇంకో లారీ ఆగి కబురు ముందు ఊరికి మోస్తుంది. సభ్యత్వ రుసుము లేని క్లబ్బు అది. ఒక్క అలవాటు మాత్రం మానుకోవాల్సింది ఉంది: ఆగిన లారీ వెనక బండరాళ్లు, చెట్టుకొమ్మలు పేర్చి, రిపేరయ్యాక వాటిని అక్కడే వదిలేసి పోవడం. చీకట్లో ఆ రాయి ఎక్కిన మోటారు సైకిల్ గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక యాప్ సంగతి. లోపల జరిగేది తెలిస్తే సగం భ్రమలు పోతాయి. యాప్ కంపెనీకి మన దారిలో సొంత బండ్లు ఉండటం అరుదు. ఊరూరా రికవరీ వ్యాన్ ఉన్నవాళ్లతో, మెకానిక్ షెడ్లతో ఒప్పందాలు చేసుకుంటుంది. మీరు బటన్ నొక్కితే ఆ కబురు కాల్ సెంటర్‌కు పోతుంది, వాళ్లు దగ్గర్లోని వెండార్‌కు ఫోన్ చేస్తారు, అతను సరేనంటే బయల్దేరతాడు. గిట్టదనుకుంటే ‘బండి ఖాళీ లేదు’ అంటాడు. కాల్ సెంటర్ రెండోవాడికి చేస్తుంది. కార్ల కంపెనీ, ఇన్సూరెన్స్ కంపెనీ, యాప్ ముగ్గురూ చివరికి నంద్యాలలో నూనెపల్లె వైపున్న ఒకే మనిషికి ఫోన్ చేసినా ఆశ్చర్యం లేదు. మీరు ఎవరికి ఎంత కట్టారన్నదానితో ఆ మనిషికి పనిలేదు, ఆ ట్రిప్పుకు తన చేతికి ఎంత వస్తుందన్నదే అతని లెక్క. హైదరాబాద్‌లో, బెంగళూరులో వెండార్లు ఒకరితో ఒకరు పోటీ పడతారు కాబట్టి యాప్ అక్కడ చక్కగా పనిచేస్తుంది. మన దారిలోని చాగలమర్రి దగ్గర పోటీ ఎవరితో?

ఇంకో తేడా కూడా ఉంది. అమెరికాలో క్లబ్బు సభ్యత్వం మనిషికి. తమ్ముడి కారులో పోతున్నా, అద్దె కారులో పోతున్నా కార్డు చూపితే సాయం అందుతుంది. మన దగ్గర యాప్ ప్లాన్లు, ఇన్సూరెన్స్ యాడ్-ఆన్లు మామూలుగా బండి నంబరుకు ముడిపడి ఉంటాయి. ఇంట్లో కారు, బుల్లెట్, స్కూటీ మూడూ ఉంటే మూడింటికీ విడివిడిగా కట్టాలి. మనం మాత్రం ‘నాకు యాప్ ఉంది’ అని ధీమాగా మామ కారు తీసుకుని తిరుపతి బయల్దేరతాం.

కంపెనీ ఏడాది పొడుగునా బతికి ఉంటుందా అన్నదీ చూసుకోవాలి. కార్ల సర్వీసింగ్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న గోమెకానిక్ 2023 జనవరిలో తన లెక్కల్లో తప్పులున్నాయని ఒప్పుకుంది. ఉద్యోగుల్లో సుమారు 70 శాతం మందిని తీసేస్తున్నామని ప్రకటించింది. కొన్ని నెలల్లోనే చేతులు మారింది. పేరు నిలిచింది గానీ, ఆ నెలల్లో ముందే డబ్బు కట్టి కూర్చున్నవాడి గుబులు ఊహించుకోండి. మూడేళ్ల ప్లాన్ మీద సగం ధర అంటే ఆశపడొద్దు, ఏడాదికే కట్టండి.

ఇప్పుడు కాల్ సెంటర్‌తో మాట. మీరు శిరివెళ్ల మెట్ట దాటాక ఆగారు. ఫోన్ ఎత్తిన అబ్బాయి నోయిడాలో ఉన్నాడు.

‘సార్, లొకేషన్ చెప్పండి.’

‘శిరివెళ్ల మెట్ట.’

‘సిరిసిల్ల? తెలంగాణ?’

‘కాదప్పా, శిరివెళ్ల. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారి.’

‘నియరెస్ట్ సిటీ, సార్?’

‘నంద్యాల అంటున్నా కదా.’

‘పిన్‌కోడ్ చెప్పగలరా?’

హైవే మీద నిలబడ్డవాడికి పిన్‌కోడ్ ఎలా తెలుస్తుంది? అప్పుడు కోపం తెచ్చుకోకుండా రోడ్డు పక్కన కిలోమీటరు రాయి వెతకండి. జాతీయ రహదారి రాయికి తల పసుపు, రాష్ట్ర రహదారికి ఆకుపచ్చ. రాయి మీద కిలోమీటరు అంకె ఉంటుంది, మధ్యలో ప్రతి 200 మీటర్లకూ చిన్న రాళ్లుంటాయి. ‘ఎన్‌హెచ్ 40, ఫలానా కిలోమీటరు, కడప వైపు పోయే సైడు’ అని చెప్పండి. ఏ వైపు అన్నది ముఖ్యం. మధ్యలో డివైడర్ ఉంది, వచ్చే బండి అవతలి వైపు చేరితే మళ్లీ ఎక్కడో తిరిగి రావాలి. వాట్సాప్‌లో లొకేషన్ కూడా పంపండి, కానీ దాని మీదే ఆధారపడొద్దు. ఎండకు వేడెక్కిన ఫోన్‌లో చుక్క ఒక్కోసారి పక్క పొలంలో పడుతుంది.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన ఫోన్ 1033. జాతీయ రహదారుల సంస్థ 2018లో మొదలుపెట్టిన నంబరిది, 24 గంటలూ పనిచేస్తుంది. విచిత్రమేమంటే టోల్ ధర పైసలతో సహా చెప్పగలిగిన మనవాళ్లలో చాలామందికి ఈ నంబరు తెలియదు. టోల్ రోడ్డును నడిపేవాళ్ల దగ్గర పెట్రోలింగ్ వాహనం, అంబులెన్సు, క్రేను ఉండాలి. అంటే మన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది: ఆ బండ్లు అదే రోడ్డు మీద, టోల్‌ప్లాజా దగ్గరే నిలబడి ఉంటాయి. కర్నూలు నుంచి రావక్కర్లేదు. టోల్‌ప్లాజా దాటేటప్పుడు అంబులెన్సు, క్రేను, పెట్రోలింగ్ నంబర్లు రాసిన బోర్డు ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్లతో ఒక ఫొటో తీయించి పెట్టుకోండి. ఫాస్టాగ్ వచ్చాక రసీదు చేతికి రావడం మానేసింది కాబట్టి ఈ నంబర్లు మన కంటికి ఆనడం లేదు.

కానీ 1033 నుంచి అంతా ఆశించొద్దు. వాళ్ల పని మిమ్మల్ని, మీ బండిని ప్రమాదం లేని చోటికి చేర్చి, రోడ్డు ఖాళీ చేయడం. మీ షోరూం దాకా లాక్కెళ్లడం వాళ్ల పని కాదు, క్లచ్ ప్లేట్లు మార్చడం అసలే కాదు. అక్కడి నుంచి ఇన్సూరెన్స్, యాప్, మెకానిక్ వంతు మొదలవుతుంది. ఈ వరుస తెలిసినవాడు రోడ్డు మీద అరగంట ఉంటాడు, తెలియనివాడు మూడు గంటలు.

ఇన్సూరెన్స్ గురించి ఒక్కటి తప్పకుండా తెలిసి ఉండాలి. బండి చెడిపోవడం వేరు, బండికి యాక్సిడెంట్ కావడం వేరు. యాక్సిడెంట్ అయితే మామూలు సమగ్ర పాలసీలోనే దగ్గరి షెడ్డుకు లాక్కెళ్లే ఖర్చు ఉంటుంది. ప్రామాణిక పాలసీ షరతుల్లో సొంత కారుకు 1,500 రూపాయలు, ద్విచక్ర వాహనానికి 300 వరకు. ఆ అంకెలు ఏ కాలంలో రాశారో గానీ, ఇవాళ క్రేను కదలడానికే ఆ డబ్బు చాలదు. ఎక్కువ కావాలంటే పాలసీ తీసుకునేటప్పుడే అదనంగా కట్టి పెంచుకోవచ్చు. బ్యాటరీ దిగిపోవడం, పంచర్, డీజిల్ అయిపోవడం, తాళం లోపలే ఉండిపోవడం లాంటివాటికి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాడ్-ఆన్ ఉండాలి. అది మామూలుగా కొన్ని వందల్లోనే అయిపోతుంది. ఆ వందల కోసం ఏజెంటుతో బేరమాడేకంటే, ఏడాదికి ఎన్నిసార్లు వస్తారో అడిగి తెలుసుకోవడం నయం.

అడగడమంటే గుర్తొచ్చింది. ఏ ప్లాన్ అయినా కొనేముందు పగటిపూట, తీరిగ్గా వాళ్ల నంబరుకు ఫోన్ చేయండి. ‘ఆళ్లగడ్డలో ఉన్నాను, ఇక్కడికి వచ్చే మీ వెండార్ ఏ ఊళ్లో ఉంటాడు?’ అని అడగండి. ‘ఆల్ ఇండియా సర్వీస్ సార్’ అనేది జవాబు కాదు. ఊరి పేరు చెప్పాలి. తర్వాత ఉచిత కిలోమీటర్ల సంగతి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఉచితంగా 50 కిలోమీటర్లు లాగుతామంటారు. ఆ 50 ఎక్కడి నుంచి లెక్క? మీ బండి ఆగిన చోటి నుంచి షెడ్డు దాకానా, లేక రికవరీ వ్యాన్ తన ఊరి నుంచి బయల్దేరి, మిమ్మల్ని ఎక్కించుకుని, దించి, తిరిగి ఇంటికి చేరే దాకానా? రెండో లెక్క అయితే, కర్నూలు నుంచి వచ్చిన వ్యాన్ మీ దగ్గరికి చేరేలోపే ఉచితం అయిపోతుంది. మిగతా కిలోమీటర్లకు రేటు ఎంతో రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లో, పంపమనండి. ఇవాళ కట్టి రేపే వాడుకోలేని షరతు చాలా ప్లాన్లలో ఉంటుంది. ఎన్ని రోజుల తర్వాత మొదలవుతుందో కూడా అడగండి. బండి ఆగాక యాప్ దించుకుని ప్లాన్ కొనబోయేవాళ్లు పడేది దీని దగ్గరే.

నల్లమల వైపు పోయేవాళ్లకు ఈ లెక్కలేవీ పనికిరావు. నంద్యాల నుంచి గాజులపల్లె మీదుగా గిద్దలూరుకు దిగే ఘాట్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, చాలాచోట్ల అసలుండదు. సిగ్నల్ లేనిచోట యాప్ ఫోన్‌లో ఉన్న బొమ్మ మాత్రమే. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం రోడ్డు పర్లేదు గానీ, బండి పోయే దారి కాని చోట్ల ఇరుక్కుంటే రాము అని ప్లాన్ల షరతుల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఘాట్ ఎక్కేముందు స్టెప్నీలో గాలి చూసుకోవడం, ఇంటికి ఫోన్ చేసి ‘ఫలానా టైముకల్లా అవతల తేలకపోతే వెతకండి’ అని చెప్పడం, ఆగితే ఎదురొచ్చే బస్సు డ్రైవర్‌కు చీటీ ఇచ్చి ముందు ఊరికి పంపడం. ఇవే అక్కడ పనిచేసే పద్ధతులు. పాతకాలం లారీ వాళ్ల పద్ధతి అన్నమాట.

మీది ఆటోమేటిక్ గేర్ల కారైనా, కరెంటు కారైనా ఫోన్‌లోనే చెప్పండి: ‘ఫ్లాట్‌బెడ్ కావాలి.’ అంటే కారు మొత్తం పైకెక్కించుకునే బండి. తిరగాల్సిన చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి లాక్కెళితే గేర్‌బాక్సో మోటారో దెబ్బతింటుంది, ఆ ఖర్చు ముందు టోయింగ్ ఖర్చు చిల్లర. కరెంటు కార్లతో ఇంకో తంటా ఉంది. పెద్ద బ్యాటరీలో చార్జింగ్ నిండుగా ఉన్నా, చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే కారు మేలుకోదు. అందుకు లాగక్కర్లేదు, చిన్న బ్యాటరీకి కాస్త ఊపిరి పోసే మనిషి చాలు. ద్విచక్ర వాహనాల సంగతి చెప్పేదేముంది, వెనక బండివాడు సైలెన్సర్ పక్కన కాలు ఆనించి నంద్యాల దాకా తోసేస్తాడు! చూడ్డానికి బాగానే ఉంటుంది. హైవే మీద మాత్రం వద్దు.

సాయం వచ్చేదాకా ఎక్కడ నిలబడతారన్నది, ఎవరికి ఫోన్ చేశారన్నదానికన్నా ముఖ్యం. ఈ దారి మీద ఆ మాట తేలిగ్గా అనలేం. 2014 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారం ముగించుకుని నంద్యాల నుంచి వస్తున్న ఆళ్లగడ్డ ఎమ్మెల్యే శోభా నాగిరెడ్డి కారు రాత్రిపూట ఈ దారిలోనే బోల్తా పడింది, మర్నాడు ఆమె చనిపోయారు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లను తప్పించబోయి పల్టీ కొట్టిందని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. వేగంగా వచ్చే డ్రైవర్‌కు చీకట్లో వడ్ల కుప్ప ఎంత కనిపిస్తుందో, ఆగి ఉన్న మీ కారూ అంతే కనిపిస్తుంది. నాలుగు ఇండికేటర్లూ వేయండి. డిక్కీలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఎర్ర త్రికోణం ఉంటుంది, దాన్ని వంద మీటర్లు వెనక్కి నడిచి పెట్టండి. పిల్లలను, పెద్దవాళ్లను కారులో కూర్చోబెట్టకుండా రెయిలింగ్ అవతలికి దించండి. ఎండైనా సరే, వానైనా సరే.

ఇక ఎవరికి ఏది? నా అభిప్రాయం చెబుతాను, మీ జేబును బట్టి సర్దుకోండి. బండి వారంటీలో ఉంటే కంపెనీ సాయం చాలు, ఇంకేమీ కొనొద్దు. వారంటీ దాటి, మీ తిరుగుడంతా నంద్యాల, ఆళ్లగడ్డ, మహానంది, కడప మధ్యనే అయితే ఇన్సూరెన్స్ యాడ్-ఆన్, 1033, నంద్యాలలో ఒకటి ఆళ్లగడ్డలో ఒకటి రికవరీ వ్యాన్ నంబర్లు. ఇవి యాప్‌కన్నా ఎక్కువ పనికొస్తాయి. ఆ వ్యాన్ వాళ్లతో ముందే ఒకసారి టీ తాగి రేటు మాట్లాడుకోండి. నెలనెలా హైదరాబాద్‌కో బెంగళూరుకో పోయేవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు ఒంటరిగా నడిపేటప్పుడు, యాప్ ప్లాన్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు. వచ్చే మనిషి పేరు, బండి నంబరు ఫోన్‌లో కనిపించడం, ఆ వివరాలు ఇంటికి పంపుకోగలగడం చిన్న సంగతి కాదు. ఇక్కడ మాత్రం పాత క్లబ్బు దాని ముందు నిలవలేదు. క్లబ్బు సభ్యత్వం విదేశాలకు కారు తీసుకుపోయేవాళ్లకు, పాత కార్ల మీద మోజున్నవాళ్లకు.

చివరగా, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలకు ఒక మాట. అక్కడ ట్రిపుల్ ఎ రుచి చూసినవాళ్లు ఆళ్లగడ్డలో ఉన్న నాన్నకు ఇక్కడి యాప్ ప్లాన్ కొనిపెడుతున్నారు. సంతోషం. కానీ రిజిస్ట్రేషన్‌లో మీ అమెరికా నంబరు ఇచ్చారా, నాన్న నంబరు ఇచ్చారా చూసుకోండి. నాన్న చాగలమర్రి దగ్గర ఎండలో నిలబడి ఉంటే ఓటీపీ డాలస్‌లో అర్ధరాత్రి మీ దిండు కింద మోగుతుంది. నాన్న నంబరు పెట్టండి. అది బటన్ల ఫోనైతే ప్లాన్ వివరాలు, 1033, మెకానిక్ నంబరు పెద్ద అక్షరాల్లో కాగితం మీద రాసి, సన్ వైజర్ వెనక ఆర్‌సీ కవరులో పెట్టించండి.